వాటీ నోరు విప్పని బండి

వాటీ క్రూక్‌షాంక్‌కి తెలియని సంగతంటూ ఈ భూమ్మీద లేదని ఆక్‌మోర్ ఊరంతా నమ్మేది. ఆ నమ్మకం నిలబెట్టుకోవడానికి వాటీ పెద్దగా కష్టపడింది కూడా లేదు. తెలిసిన సంగతైతే తెలిసిన దానికంటే నాలుగు మాటలు ఎక్కువే చెప్పేవాడు. తెలియనిదైతే టోపీ తీసి గుండెకి ఆనించుకుని, కళ్ళు సగం మూసి, "అది మాత్రం నన్నడక్కండి. నేను ప్రమాణం చేసినవాణ్ణి" అనేవాడు. అడిగినవాడు నాలిక్కరుచుకుని, వాటీకి ఓ గ్లాసు విస్కీ పోయించి మరీ వెళ్ళేవాడు.

ఆ ప్రమాణం సంగతి ఆబర్డీన్ చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ళకెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పొలాలు గుర్రాలతో దున్నిన రోజుల్లో, గుర్రాలు తోలే పాలేళ్ళకి ఒక రహస్య సంఘం ఉండేది. అందులో చేరినవాడి చెవిలో ఒక మాట ఊదేవారు. ఆ మాట పొగరుబోతు గుర్రం చెవిలో అంటే అది తోక ముడిచి వెంట నడుస్తుందని, ఆడవాళ్ళ చెవిలో అన్నా అదే జరుగుతుందని చెప్పుకునేవారు. రెండోది ఎంతవరకు నిజమో తెలియదు కానీ, కుర్రాళ్ళు ఎగబడింది మాత్రం ఎక్కువగా దానికోసమే. చేరే రోజున రొట్టె, జామ్ సీసా, విస్కీ సీసా పట్టుకుని ధాన్యపు కొట్టంలోకి వెళ్ళాలి. కళ్ళకి గంతలు కట్టించుకుని సైతానుతో చెయ్యి కలపాలి. సైతాను చెయ్యంటే దూడ గిట్టేనని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా చెయ్యి కలిపి వచ్చినవాళ్ళ ముఖంలో కొన్నాళ్ళ పాటు నెత్తురు చుక్క ఉండేది కాదు. ఆ తర్వాత ప్రమాణం. మాట ఏమిటో, సంఘంలో ఎవరున్నారో, ఎవరు లేరో, ప్రాణం పోయినా చెప్పకూడదు.

ఆ 'ఎవరు లేరో' అన్న ముక్క వాటీ పాలిట వరమైంది. ఎందుకంటే వాటీ ఆ సంఘంలో ఏనాడూ లేడు.

కుర్రతనంలో అతను బోగ్‌ఫర్న్ అనే పెద్ద కమతంలో పనిచేశాడు. గుర్రాలవాడిగా కాదు, చిల్లర పనులవాడిగా. పేడ ఎత్తడం, టర్నిప్‌లు పీకడం, కోళ్ళగూడు బాగుచెయ్యడం, ఇంకెవరూ ఒప్పుకోని పని ఏదుంటే అది. గుర్రాలవాళ్ళు భోజనానికి హోదా ప్రకారం వరసగా నడిచేవారు. పెద్ద గుర్రాలవాడు ముందు, అతని వెనక రెండోవాడు, ఆ వెనక మూడోవాడు. వరస చివర్లో, కుక్కకంటే కొంచెం ముందు, వాటీ. బల్ల దగ్గర అతని చోటు కూడా తలుపు వారనే ఉండేది.

సంఘంలోకి పిలుపు ఒక కవరులో వచ్చేది. అందులో ఒక్క అక్షరం కూడా ఉండదు, గుర్రపు తోక వెంట్రుక ఒకటి ఉంటుంది. ఏటా నవంబరు వచ్చేసరికి వాటీ రొట్టె, జామ్ కొని తన పెట్టెలో దాచుకుని ఆ వెంట్రుక కోసం ఎదురుచూసేవాడు. చిల్లర పనులవాడికి వెంట్రుక పంపేదెవరు? రొట్టె బూజు పట్టేది. జామ్ తనే తినేసేవాడు. ఓ ఏడాది ఆ జామ్ తింటూ తింటూ ఏడ్చేశాడు. పాపం, అది ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది.

తర్వాత జిల్లా వదిలి దక్షిణానికి పోయి, రోడ్లు వేసే పనిలో కుదిరి, ముప్పావు జీవితం కంకర మీద గడిపేశాడు. తిరిగొచ్చేసరికి పొలాల్లో ట్రాక్టర్లు, గుర్రాలు ఫోటోల్లో. వచ్చిన మొదటి సాయంత్రం ఊరి బార్‌లో ఎవరో "బోగ్‌ఫర్న్‌లో చేశావటగా, గుర్రాలవాడివేనా?" అని మామూలుగా అడిగారు. కాదు అని రెండక్షరాలు అనుంటే సరిపోయేది. కానీ వాటీ చెయ్యి టోపీ మీదికి వెళ్ళింది, టోపీ గుండె మీదికి వచ్చింది. అక్కడితో అయిపోయింది.

ఊళ్ళో మిగిలిన అసలు గుర్రాలవాడు శాండీ ఇమ్లా. వెడల్పాటి మనిషి, ఎర్రటి మెడ, చేతులు రెండూ పారల్లా ఉంటాయి. వాటీ తనవాడు కాడని శాండీకి మొదటిరోజే తెలిసిపోయింది. సంఘంవాళ్ళు చెయ్యి కలిపే పద్ధతి వేరే ఉంది, వాటీకి అది రాలేదు. కానీ ఆ సంగతి బయటికి ఎలా చెప్తాడు? చెప్తే ప్రమాణం తప్పినట్టే.

"వాటీ," అన్నాడు ఒకసారి శాండీ, బార్‌లో అందరి ముందూ, పళ్ళు నూరుతూ. "నువ్వు... అసలు నువ్వు..."

"చెప్పు శాండీ, చెప్పు. అందరూ వింటున్నారు."

శాండీ నోరు తెరిచాడు, మూశాడు, మెడ ఇంకా ఎర్రబడింది. "ఏం లేదు" అన్నాడు చివరికి.

"అదీ ప్రమాణం అంటే! చూసి నేర్చుకోండ్రా" అని కుర్రాళ్ళకి చెప్పి, వాటీ శాండీ భుజం తట్టాడు. శాండీ ఆ పూట బీరు సగంలో వదిలేసి ఇంటికి పోయాడు.

ఇలా మర్యాదా, విస్కీ రెండూ దొరుకుతూ జీవితం సాఫీగానే సాగేది. ఏటా ఆగస్టులో జరిగే వ్యవసాయ ప్రదర్శనలో 'ఇదేమిటో చెప్పండి' అని ఒక డేరా వేసేవారు. ఏదో పాత పనిముట్టు పెట్టి జనం చేత దాని పనేమిటో ఊహలు చెప్పించేవారు. సాయంత్రం న్యాయనిర్ణేత కుర్చీలోంచి లేచి అసలు జవాబు చెప్పేది వాటీయే. తెలియనివి వచ్చినప్పుడు గుండె మీదికి టోపీ. ఆ ఏడాది జవాబు లేకుండానే డేరా ఎత్తేసేవారు, మరుసటి ఏడాది జనం రెట్టింపు వచ్చేవారు.

ఒక్క చోట మాత్రం వాటీ పప్పులు ఉడికేవి కావు. అది ఎల్స్పెట్ గ్రెగ్ గుమ్మం దగ్గర.

ఎల్స్పెట్ పోస్ట్‌మ్యాన్ భార్య. ఆయన పోయాక ఒక ఆవు, నాలుగు కోళ్ళు, వెన్న చిలికే కవ్వం, వీటితో ఒంటరిగా ఉండేది. వాటీ ప్రతి ఆదివారం కోటు దులుపుకుని, ఓ క్యాబేజీ చంకలో పెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళేవాడు. టీ, ఓట్ల రొట్టె, ఆమె వెన్న. మూడో ముక్క అయ్యాక గొంతు సవరించుకుని, "పెళ్ళి చేసుకుందామా ఎల్స్పెట్?" అనేవాడు.

"చేసుకుందాంలే. ముందు ఆ మాటేదో నా చెవిలో ఊదు. నేను లేచి నీ వెనకాల నడుచుకుంటూ రాకపోతే అప్పుడడుగు."

"ప్రమాణం అడ్డొస్తుంది."

"గుర్రాలకి చెప్పొచ్చట, నాకు చెప్పకూడదట! నేను గుర్రానికంటే తీసిపోయానా?"

"అది కాదు..."

"ఇంకో రొట్టె తిను. మాట్లాడకుండా ఉన్నప్పుడే బావుంటావు."

ఆమె కూడా వయసులో ఉన్నప్పుడు బోగ్‌ఫర్న్ వంటింట్లోనే పనిచేసింది. తలుపు వార కూర్చునే వాటీకి జావ వడ్డించిన చెయ్యి ఆమెదే. అతను ఏమిటో, ఏం కాదో ఊళ్ళో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కరితోనూ ఒక్క ముక్క అనలేదు. ఎందుకు అనలేదని వాటీ ఎప్పుడూ అడగలేదు. అడిగితే గుర్తుచేసినట్టవుతుందని భయం.

ఇలా ఉండగా, ఆ ఏడాది ప్రదర్శనకి రెండు వారాల ముందు, బోగ్‌ఫర్న్ కొత్త యజమాని పాత కొట్టం కూల్చాడు. అటక మీద ఒక వింత వస్తువు దొరికింది. దాన్ని ప్రదర్శన కార్యదర్శి మిసెస్ బార్క్లేకి పంపించాడు.

మిసెస్ బార్క్లే బడిపంతులుగారి భార్య. ఊళ్ళో సగం కమిటీలు ఆవిడవే. వెన్న పోటీలో ఏటా మొదటి బహుమతీ ఆవిడదే, రెండోది ఎల్స్పెట్‌ది. ఆ వరస మారడం ఎవరూ చూడలేదు.

"రండి వాటీ గారూ, ఈసారి మీరే దిక్కు" అంటూ ఆవిడ అతన్ని షెడ్డులోకి తీసుకెళ్ళి గోనెపట్టా లాగింది.

రెండు చిన్న ఇనుప చక్రాలు. ఒంటి గుర్రాన్ని కట్టడానికి పొట్టి నొగలు. చక్రాల మధ్య, నేలకి జానెడెత్తులో, మనిషి పొడవున ఒక చెక్కపలక, కొంచెం ఏటవాలుగా. ఆ పలక కింది ముఖమంతా నల్లగా, దళసరిగా, మెరుస్తూ ఏదో పేరుకుపోయి ఉంది. దాని ముందు ఒక కమ్మీకి వరసగా కొక్కేలు. విత్తనాల పెట్టె లేదు, నాగలి కర్రు లేదు, పళ్ళు లేవు.

"మా పంతులుగారు శవాల బండి అంటున్నారు" అంది మిసెస్ బార్క్లే. "నేను నమ్మలేదు. శవానికి కొక్కేలెందుకు?"

వాటీ ఏమీ వినడం లేదు. ముక్కుకి తారు వాసన తగిలింది. ఆ వాసనతో పాటు ఒంటికన్ను పొట్టి గుర్రం డ్యూక్, జూన్ నెల ఎండ, గట్టు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వే గుర్రాలవాళ్ళు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకి వచ్చేశాయి.

అది మిన్నల్లులు పట్టే బండి. టర్నిప్ విత్తనం మొలకెత్తి రెండాకులు వేసేసరికి ఆవగింజంత నల్ల పురుగులు వచ్చి చేలకి చేలు జల్లెడ చేసేవి. ముట్టుకుంటే చాలు, కుక్క ఒంటి మీద గెంతే మిన్నల్లుల్లా చిటుక్కున ఎగిరేవి. బోగ్‌ఫర్న్ పాత ఆసామి ఎక్కడో బొమ్మ చూసి ఈ బండి చేయించాడు. పలకకి తారూ నల్లబెల్లప్పాకం కలిపి పులిమేవారు. కొక్కేలకి గోనె పీలికలు వేలాడదీసేవారు. పీలికలు మొక్కల్ని తాకగానే పురుగులు పైకి ఎగిరి పలకకి అంటుకుపోయేవి. నిజంగా పనిచేసేది కూడా. కానీ జత గుర్రాలు తోలే ఏ మగాడూ మిన్నల్లుల్ని వేటాడటానికి ఒప్పుకోలేదు. అందుకని డ్యూక్‌ని, వాటీని కట్టారు. అతన్ని చూస్తే చాలు, గుర్రాలవాళ్ళు గోక్కోవడం మొదలుపెట్టేవారు. చర్చిలో కూడా గోక్కునేవారు.

ఇప్పుడు ఇదేమిటో చెప్తే, దీన్ని నువ్వెలా ఎరుగుదువని అడుగుతారు. అబద్ధాలన్నిట్లోకీ కష్టమైనది నిజానికి అంత దగ్గరగా నిలబడి ఆడేది. వాటీ చెయ్యి అలవాటు ప్రకారం టోపీ తీసేసింది.

మిసెస్ బార్క్లే రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. "అంటే... ఇది వాళ్ళదా? ఆ సంఘానిదా?"

నిజం చెప్పాలంటే అతను తల కూడా ఊపలేదు. కానీ ఆవిడకి అదే చాలు.

సాయంత్రానికల్లా ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. సైతాను గిట్ట పెట్టేది ఆ పలక మీదేనట. కొక్కేలు కొత్తగా చేరినవాళ్ళ టోపీలు తగిలించడానికట. పలకకి అంటుకున్న నలుపు నెత్తురట. ఎవరి నెత్తురన్న దగ్గర రెండు పార్టీలయ్యాయి. పాస్టరు గారు వచ్చి చూసి, దూరం నుంచే దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయారు. మిసెస్ బార్క్లే కూడా ఆగలేక శాండీనే పట్టుకుంది.

"శాండీ గారూ, ఇది మీ సంఘానిదేనా?"

శాండీ ఆ బండిని ఎన్నడూ చూసి ఎరగడు. కాదు అనడానికి నోరు తెరిచాడు. కాదంటే మరి సంఘం సామాను ఏదో నీకు తెలుసన్నమాట అంటారు. అందుకని ప్రమాణం నేర్పిన ప్రకారమే, "ఏ సంఘం?" అన్నాడు.

"చూశారా! ఇతనూ చెప్పడు!" అని ఆవిడ పొంగిపోయింది. బండికి కాస్త మెరుపు రావాలని ఆ పూటే కిరసనాయిలు తెప్పించి, పలకకి కిందా పైనా ఉన్న దుమ్మంతా శుభ్రంగా రుద్దించింది.

ఆదివారం వాటీ క్యాబేజీతో వెళ్ళాడు. ఎల్స్పెట్ టీ పోస్తూ, అతని వైపు చూడకుండా అంది. "మన మిన్నల్లుల బండి దొరికిందటగా?"

టీ సగం సాసరులోకి, సగం ప్యాంటు మీదికి వెళ్ళింది.

"నా నల్లపాకం డబ్బా ఖాళీ చేసిందే అది" అంది ఆమె. "అమ్మగారు నన్ను తిట్టిన తిట్టు ఇప్పటికీ చెవిలో ఉంది. నువ్వు సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడేవాడివి, మెడంతా తారు, తారు నిండా పురుగులు. సబ్బుకి పోయేది కాదు. నేను వెన్న రాసి తీసేదాన్ని. గుర్తుందా?"

గుర్తు లేకపోవడమేమిటి. ఆ జూన్ నెలలో వాటీ మరీ అంత తారు ఒంటికి అంటకుండా కూడా పని చెయ్యగలిగేవాడే. కావాలనే మెడ అడ్డం పెట్టేవాడు.

"ఎవరితోనైనా అన్నావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"అనలేదు. అనను. నువ్వే అంటావు." టీకెటిల్ కింద పెట్టింది. "ప్రదర్శన రోజు మైకులో, అందరి ముందూ. అది ఏమిటో, దాన్ని తోలిందెవరో. చెప్తే, నువ్వు ప్రతి ఆదివారం అడిగేదానికి నేను సరే అంటాను."

"చెప్పకపోతే?"

"క్యాబేజీ నువ్వే వండుకో. ఈ తలుపు తియ్యను."

"ఊళ్ళో నన్ను బతకనిస్తారా ఎల్స్పెట్? ఇన్నేళ్ళ పరువు! మిన్నల్లుల వాటీ అంటారు!"

"అప్పుడూ అన్నారుగా. అయినా నేను వెన్న రాశాను." ఆమె కళ్ళు తుడుచుకుందో, ఊరికే కళ్ళజోడు సర్దుకుందో వాటీకి తెలియలేదు. "నేను ఎదురుచూసింది ఆ మెడకోసం. వచ్చింది ఈ టోపీ. నాకు టోపీతో కాపురం చెయ్యాలని లేదు."

ఆ వారమంతా వాటీకి తిండి సయించలేదు. బార్‌కి వెళ్తే కుర్రాళ్ళు లేచి కుర్చీ ఇస్తున్నారు. వాళ్ళ పిల్లలు 'తాతా' అని గౌరవంగా పక్కకి తప్పుకుంటున్నారు. ఇదంతా పోతుంది. పోకపోతే ఆ వంటిల్లు పోతుంది. తనకి ఏది ముఖ్యమో అతనికి మొదట్నుంచీ తెలుసు, ధైర్యమే చాల్లేదు.

ప్రదర్శన రోజు ఆ ప్రాంతంలో ఎన్నడూ లేని ఎండ కాసింది. గొర్రెలు నాలికలు బయటపెట్టాయి. పైపు వాయిద్యగాళ్ళలో ఒకడు కళ్ళు తిరిగి పడ్డాడు. పోటీకి పెట్టిన మిసెస్ బార్క్లే గారి వెన్నముద్ద డేరాలోనే కరిగి ఒక పక్కకి ఒరిగిపోయింది. ఎల్స్పెట్ తన వెన్నని తెల్లవారే దాకా ఊటనీళ్ళలో ఉంచి తెచ్చింది కాబట్టి, పైన అచ్చుపోసిన ముళ్ళపువ్వు రేకు రేకూ నిలిచి ఉంది. జడ్జీలు వేలితో నొక్కి చూసి, మొదటి బహుమతి ఎర్ర రిబ్బను దానికి తగిలించారు. ఎల్స్పెట్ ఆ బల్ల దగ్గరికి నాలుగైదుసార్లు ఏదో పనున్నట్టు వెళ్ళొచ్చింది.

సాయంత్రం డేరా బయట పెట్టిన బండిని మైదానం మధ్యకి లాక్కొచ్చారు. పొద్దుట్నుంచీ ఎండలోనే ఉంది అది. జనం గొంతులు తగ్గించుకుని చుట్టూ మూగారు. ముందు వరసలో ఎల్స్పెట్, చేతులు కట్టుకుని. పక్కన శాండీ, ఎర్రటి మెడతో. మిసెస్ బార్క్లే మైకు వాటీ చేతిలో పెట్టింది.

వాటీ చెయ్యి టోపీ మీదికి వెళ్ళింది. ఎల్స్పెట్ కళ్ళు అతని మీదే ఉన్నాయి. చెయ్యి దించేశాడు.

"ఇది మిన్నల్లులు పట్టే బండి" అన్నాడు.

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత మైదానమంతా నవ్వే.

"నిజంగానే! టర్నిప్ మొక్కల మీద పురుగులు! ఈ పలకకి తారు పూసేవాళ్ళం. నేనే తోలాను. నేను గుర్రాలవాణ్ణి కాదు, చిల్లర పనులవాణ్ణి. నాకు జత గుర్రాలు ఎప్పుడూ ఇవ్వలేదు. నాకు వెంట్రుక రాలేదు!"

"భలేవాడివి తాతా!" అని అరిచాడు ఒక ట్రాక్టరు కుర్రాడు. "మిన్నల్లికి బండా! బండికి గుర్రమా! గుర్రానికి కళ్ళెమా!"

"సంఘం వెంట్రుక రానివాడికి వెంట్రుక సంగతి ఎలా తెలుసట?" అంది ఇంకొకావిడ, అక్కడికి అంతా తేల్చేసినట్టు.

"చూడండి, చూడండి" అని మిసెస్ బార్క్లే కళ్ళొత్తుకుంది. "రహస్యం కాపాడటానికి తన పరువు తనే తీసుకుంటున్నాడు. అదీ మనిషంటే."

జనం చప్పట్లు కొట్టారు. జీవితంలో మొదటిసారి నిజం చెప్తే ఇదా మర్యాద? వాటీ ఆఖరి ఆశగా శాండీ వైపు తిరిగాడు.

"శాండీ! నువ్వు చెప్పు. నేను మీవాణ్ణి కాదని చెప్పెయ్. నీకు పుణ్యముంటుంది!"

శాండీ ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన ఘడియ అది. నోరు తెరిచాడు. మెడ నిండా నెత్తురు పొంగింది. చెప్పలేడు కదా! అప్పుడు, ఎన్నాళ్ళనుంచో ఎవరూ చూడని నవ్వొకటి అతని ముఖమంతా మెల్లగా పరుచుకుంది.

"వాటీ గురించి నేనేం చెప్పను" అన్నాడు. తన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "నన్నడక్కండి."

చప్పట్లు రెండింతలయ్యాయి.

"నమ్మరా? నమ్మరా? ఇదిగో, చూడండి, ఇక్కడే అంటుకునేవి!" అని వాటీ బండి మీదికి వంగి, పలక కింద రెండు అరచేతులూ గట్టిగా ఆనించాడు. పొద్దుట్నుంచీ కాసిన ఎండ, అంతకుముందు రుద్దిన కిరసనాయిలు. తారు మెత్తబడి ఉంది. చేతులు లాగబోతే రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. చక్రాలు కిర్రుమని బండి అతని వెంట వచ్చింది.

జనం ఒక్క ఉదుటున వెనక్కి జరిగారు.

"పట్టుకున్నాడు!" అంది ఎవరో ముసలావిడ. ఎవరు పట్టుకున్నారో ఆవిడ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. పాస్టరు గారు జేబులో పుస్తకం కోసం తడుముకున్నారు. ఇదంతా ఎక్కడిదాకా పోతుందోనని శాండీ ఒక్కడే ఆసక్తిగా ముందుకొచ్చి చూస్తున్నాడు.

ఎల్స్పెట్ మాత్రం నడుచుకుంటూ వచ్చి వాటీ పక్కన వంగింది. నవ్వు ఆపుకోలేక ఆమె భుజాలు కదులుతున్నాయి. "మైకులో నేననుకున్నదానికంటే బాగా చెప్పావు" అంది.

"ఎవరూ నమ్మలేదు."

"నమ్మించమని నేనెప్పుడన్నాను?"

వాటీ మెడ తిప్పి, ఆమె చెవి దగ్గరికి నోరు తెచ్చాడు. మైదానమంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఇన్నేళ్ళ ఆదివారాల్లో ఆమెతో ఎప్పుడూ అనలేకపోయినది, అతి మెల్లగా అన్నాడు. "నాకు ఏ మాటా రాదు ఎల్స్పెట్. ఎప్పుడూ రాలేదు."

ఎల్స్పెట్ నవ్వు ఆగిపోయింది. నిటారుగా లేచి, ఇంకెవరి వైపూ చూడకుండా, తిన్నగా వెన్న డేరా వైపు నడిచింది.

"ఊదాడు!" అన్నాడు ట్రాక్టరు కుర్రాడు. "చెవిలో ఊదాడ్రా! చూశారా ఎలా నడుస్తోందో!"

ఆ మాట ఏమిటో తెలుసుకోవాలని ఆక్‌మోర్ మగవాళ్ళు ఆ తర్వాత ఎంత విస్కీ పోయించారో లెక్కలేదు. వాటీ ఏమీ దాచుకోకుండా, ఉన్నదున్నట్టు చెప్పేవాడు. 'నాకు ఏ మాటా రాదు' అన్నానంతే అనేవాడు. వాళ్ళు కన్నుగీటి ఇంకో గ్లాసు పోయించేవారు.

ఆ సాయంత్రం ఎల్స్పెట్ డేరాలోంచి తిరిగొచ్చింది. చేతుల్లో పళ్ళెం, పళ్ళెంలో ముళ్ళపువ్వు అచ్చుతో ఆమె వెన్న, దానికింకా ఎర్ర రిబ్బను. ఎల్స్పెట్ ఆ వెన్నని రెండు చేతులతో నడిమికి విరిచి, వాటీ మణికట్టుల మీద, వేళ్ళ సందుల్లో ఒత్తి ఒత్తి రుద్దడం మొదలుపెట్టింది.

"అయ్యో, అది మొదటి బహుమతి వెన్న" అన్నాడు వాటీ.

"నాకు తెలుసు. కదలకు."

ఒక చెయ్యి ఊడింది. కాసేపటికి రెండోదీ ఊడింది. పళ్ళెంలో ఇంకా కొంచెం వెన్న మిగిలి ఉంది.

"మెడ ఇటు తిప్పు" అంది ఎల్స్పెట్.

"మెడకి ఏమీ అంటలేదుగా."

"తిప్పమన్నానా."

వాటీ టోపీ తీసి గడ్డి మీద పారేసి, మెడ వంచాడు.